రిజైన్ చేసి నవలలు రాసుకుంటా: ఒక పోస్టాఫీసు అధికారి 33 ఏళ్ళ లెక్క

ఈ ఎపిసోడ్‌లో యుద్ధాలు లేవు, రాజులు లేరు. ఒక రాజీనామా ఉంది. 1867లో ఇంగ్లండ్ పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో ఒక పెద్ద అధికారి ఉద్యోగం వదిలేశాడు. వయసు 52. సర్వీసు 33 ఏళ్ళు. ఇంకో 8 ఏళ్ళు ఓపిక పడితే 60 వస్తుంది, జీవితాంతం పెన్షన్ వస్తుంది. ఆయన ఆగలేదు. పేరు ఆంథొనీ ట్రాలప్. మొత్తం 47 నవలలు రాసిన మనిషి.

ఈ కథ ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ మధ్య ఒక మాట చాలా తరచుగా వినిపిస్తుంది. "హోమ్ లోన్ తీరిపోనీ, నలభై అయిదుకల్లా రిటైర్ అయిపోతా, అప్పుడు హాయిగా కూర్చుని నవల రాస్తా." కొందరు దీనికి ఎక్సెల్ షీట్ కూడా వేసుకుంటారు. అందులో మ్యూచువల్ ఫండ్స్‌కి ఒక కాలమ్ ఉంటుంది, పిల్లల చదువుకి ఒక కాలమ్ ఉంటుంది, అమ్మానాన్నల మెడికల్ ఇన్సూరెన్స్‌కి ఇంకో కాలమ్ ఉంటుంది. నవలకి మాత్రం కాలమ్ ఉండదు. డబ్బు సంగతి తేలితే నవల దానంతటదే వచ్చేస్తుందని నమ్మకం.

ట్రాలప్ కూడా ఇలాగే ప్లాన్ వేసుకున్న మనిషే. కాకపోతే ఆయన లెక్కల పుస్తకంలో నవలకి కూడా కాలమ్ ఉంది. పైగా డబ్బు కాలమ్ కంటే అదే చాలా ఏళ్ళ ముందు మొదలైంది. ఆ తేడా ఏం చేసిందో చూద్దాం.

ముందు ఇంటి పరిస్థితి చెప్పాలి. ట్రాలప్ 1815లో లండన్‌లో పుట్టాడు. తండ్రి లాయరు. చదువుంది, తెలివుంది, కానీ కోపం ఎక్కువ. క్లయింట్లు ఒక్కొక్కరే జారుకున్నారు. తర్వాత వ్యవసాయంలోకి దిగి అక్కడా నష్టపోయాడు. ఇక ఇంటిని నిలబెట్టింది తల్లి, ఫ్రాన్సెస్ ట్రాలప్. ఆవిడ అమెరికా వెళ్ళి వ్యాపారం పెట్టింది, అది మునిగింది. తిరిగొచ్చి, అమెరికా వాళ్ళ అలవాట్ల మీద ఒక పుస్తకం రాసింది. అది 1832లో వచ్చింది. ఆవిడ మొదటి పుస్తకం అది. అప్పటికి ఆవిడ వయసు 53. పుస్తకం బ్రహ్మాండంగా అమ్ముడైంది.

అయినా అప్పులు తీరలేదు. 1834లో అప్పులవాళ్ళకి దొరక్కుండా కుటుంబం మొత్తం సముద్రం దాటి బెల్జియంలోని బ్రూజ్‌కి పారిపోయింది. అక్కడ ఒక కొడుకు క్షయతో మంచం పట్టాడు. భర్త ఆరోగ్యమూ పోయింది. ఆవిడ రాత్రిళ్ళు రోగుల మంచాల పక్కన కూర్చుని నవల రాసేది. ఆ డిసెంబరులో కొడుకు పోయాడు, మరుసటి ఏడాది భర్త పోయాడు. నవలలు మాత్రం పబ్లిషర్‌కి అందుతూనే ఉన్నాయి, ఎందుకంటే ఇల్లు గడవాలి.

చిన్న కొడుకు ఆంథొనీ ఇదంతా చూశాడు. కాబట్టి ఆయనకి రచన అంటే కొండ మీద కాటేజీలో కాఫీ తాగుతూ చేసే పని అని ఎప్పుడూ అనిపించి ఉండదు. అది తెల్లవారుజామున లేచి, ఇంట్లో ఏం జరుగుతున్నా, పూర్తి చేయాల్సిన పని. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

అదే 1834లో ఆంథొనీకి లండన్ జనరల్ పోస్టాఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. 19 ఏళ్ళు, ఏడాదికి 90 పౌండ్ల జీతం. తెలిసినవాళ్ళ సిఫార్సుతో వచ్చిన ఉద్యోగం. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో తన ఆత్మకథలో రాసుకున్నాడు. టైమ్స్ పత్రిక ఇచ్చి కొన్ని లైన్లు చూసి రాయమన్నారట. సిరా మరకలు, స్పెల్లింగ్ తప్పులు. రేపు ఇంటి దగ్గర నుంచి చక్కగా రాసుకుని రమ్మన్నారు. మర్నాడు నీటుగా రాసి తీసుకెళ్తే ఎవరూ చూడనే లేదు, సీట్లో కూర్చోబెట్టేశారు.

ఇక్కడ మనకి సంబంధించిన చిన్న ముక్క ఒకటుంది. తర్వాత రోజుల్లో గవర్నమెంటు ఉద్యోగాలకి పోటీ పరీక్షలు పెట్టాలని గట్టిగా వాదించిన అధికారి చార్ల్స్ ట్రెవెల్యన్. ట్రాలప్‌కి ఆ ఆలోచన అస్సలు నచ్చలేదు. 1858లో వచ్చిన 'ది త్రీ క్లర్క్స్' నవలలో ట్రెవెల్యన్ మీద ఒక వెటకారపు పాత్రనే పెట్టాడు. ఆ ట్రెవెల్యనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అంటే మన కోస్తా జిల్లాలు, రాయలసీమ కొన్నాళ్ళు ఆయన పాలన కింద ఉన్నాయి. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్ళు ఎవరి వైపు నిలబడతారో నేను చెప్పను, మీకే వదిలేస్తున్నా.

సరే, అసలు కథకి వద్దాం. లండన్‌లో మొదటి ఏడేళ్ళు ట్రాలప్ చాలా చెడ్డ ఉద్యోగి. రోజూ లేటు. పై అధికారితో పడదు. చేతిలో డబ్బుండదు. ఒక దర్జీకి 12 పౌండ్ల బాకీ పడ్డాడు. ఆ కాగితం వడ్డీ వ్యాపారి చేతిలో పడింది. చివరికి ఆ చిన్న అప్పు కింద 200 పౌండ్లకి పైగా కట్టాల్సి వచ్చింది. ఆ వడ్డీ వ్యాపారి రోజూ ఆఫీసుకే వచ్చి, కుర్చీ పక్కనే నిలబడి, టైముకి కట్టు నాయనా అని మెత్తగా చెప్పి వెళ్ళేవాడట. లోన్ యాప్ రికవరీ కాల్స్ కొత్త సంగతేం కాదు.

ఈ ఏడేళ్ళలో నవల రాయాలన్న కోరిక ఉంది. చిన్నప్పటి నుంచీ మనసులో కథలు అల్లుకునే అలవాటు ఉంది. ఒకే కథని వారాలు, నెలల తరబడి లోపల నడిపించేవాడు. కానీ కాగితం మీద ఒక్క నవల కూడా లేదు. టైము లేకనా? కాదు. సాయంత్రాలన్నీ ఖాళీయే. లేనిది అలవాటు.

1841లో ఎవరికీ అక్కర్లేని ఒక పోస్టింగ్ ఐర్లండ్‌లో ఖాళీ పడింది. ఈయన అడిగి తీసుకున్నాడు. ఈ బద్ధకస్తుణ్ణి వదిలించుకోవచ్చని లండన్ ఆఫీసు కూడా సంతోషించింది. అక్కడ మనిషి మారిపోయాడు. గుర్రం మీద ఊళ్ళు తిరగడం, ఫిర్యాదులు తేల్చడం, ఉత్తరాలు పంచే దారులు వేయడం. పనంటే ఇష్టం పుట్టింది. జీతంతో పాటు ప్రయాణం అలవెన్సులు కూడా రావడంతో అప్పుల్లోంచి బయటపడ్డాడు. 1844లో రోజ్ హెసెల్టైన్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. అంతకు ముందే, 1843లో, డ్రమ్స్నా అనే ఊరి దగ్గర పాడుబడ్డ ఇల్లు ఒకటి చూసి మొదటి నవల మొదలుపెట్టాడు.

ఒకసారి ఆగి చూడండి. ఖాళీ సాయంత్రాలున్నప్పుడు రాయని మనిషి, పని పెరిగాక రాయడం మొదలుపెట్టాడు. నా ఉద్దేశంలో ఇది యాదృచ్ఛికం కాదు. ఉద్యోగం సరిగ్గా చేయడం నేర్చుకున్నాక ఆ క్రమశిక్షణే రాతకీ అంటుకుంది.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. మొదటి నవల 1847లో వచ్చింది. రూపాయి రాలేదు, అంటే పౌండు రాలేదు. రెండోది అంతే. మూడోదానికి పబ్లిషర్ ముందే 20 పౌండ్లు ఇచ్చి నష్టపోయాడు. నాలుగోది 'ది వార్డెన్', 1855. ఆ ఏడాది చివర్లో ట్రాలప్‌కి ఒక చెక్కు వచ్చింది. 9 పౌండ్ల 8 షిల్లింగుల 8 పెన్నీలు. రచన మీద తాను నిజంగా సంపాదించిన మొదటి డబ్బు అదేనని, ముందటి 20 పౌండ్లు పాపం ఆ పబ్లిషర్ కట్టినవే తప్ప తాను సంపాదించినవి కావని ఆత్మకథలో రాశాడు. 1843లో మొదలుపెడితే 1855లో 9 పౌండ్లు. 12 ఏళ్ళు!

ఈ పన్నెండేళ్ళూ ఆయన్ని బతికించింది ఎవరు? పోస్టాఫీసు. ఇదే మనిషి 1843లోనే ఉద్యోగం మానేసి రచన మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేది? రెండో నవల ఫెయిలయ్యాక తిరిగి ఉద్యోగం వెతుక్కునేవాడు. మనవాళ్ళు వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు అంటారు కదా, ఇక్కడ పన్నెండేళ్ళు అసలు నీళ్ళన్నీ జీతమే, రచనది ఒక చుక్క.

మరి పని చేస్తూ ఎప్పుడు రాశాడు? 1850ల మొదట్లో నైరుతి ఇంగ్లండ్ పల్లెల్లో టపా పంపిణీ ఏర్పాటు చేసే డ్యూటీ వేశారు. అప్పుడే ఇంగ్లిష్ చానెల్‌లోని జెర్సీ దీవికి వెళ్ళి, వీధిలో స్తంభం లాంటి పోస్టు డబ్బా పెట్టి చూద్దామని సిఫార్సు చేశాడు. 1852లో అక్కడ పెట్టారు. ఉత్తరం వేయడానికి పోస్టాఫీసు దాకా నడవక్కర్లేకుండా వీధి చివర డబ్బా ఉండే పద్ధతి బ్రిటిష్ రాజ్యంలో నిలదొక్కుకోవడానికి ఈయనే ముఖ్య కారకుడు.

ఈ తిరుగుళ్ళలో ఎక్కువ భాగం రైల్లో గడిచేది. ఒళ్ళో పెట్టుకుని రాసుకునే చిన్న పలక చేయించుకున్నాడు. కంపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ళు చూస్తుంటే సిగ్గేసినా, పెన్సిల్‌తో రాసుకుంటూ పోయేవాడు. 1857లో వచ్చిన 'బార్చెస్టర్ టవర్స్' చాలా వరకు అలా రైల్లో రాసిందే. ఆ పెన్సిల్ రాతని ఇంట్లో సిరాతో శుభ్రంగా తిరగరాసింది భార్య రోజ్. ఈ సక్సెస్ స్టోరీలో ఆవిడ పేరు చాలామంది వదిలేస్తారు. జీతం లేని ఆవిడ పని కూడా ఈ ప్లాన్‌లో భాగమే.

1859 చివర్లో లండన్‌కి దగ్గర్లో వాల్తమ్ క్రాస్ అనే చోట కాపురం పెట్టాడు. అక్కడి దినచర్య ప్రసిద్ధం. పొద్దున్న అయిదున్నరకి బల్ల ముందు ఉండాలి. దానికోసం గుర్రాలు చూసుకునే ముసలి నౌకరుకి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. కాఫీ పట్టుకొచ్చి లేపడం అతని డ్యూటీ. తన విజయానికి మిగతా అందరికంటే ఆ మనిషికే ఎక్కువ రుణపడి ఉన్నానని ట్రాలప్ రాశాడు. మొదటి అరగంట నిన్న రాసింది చదువుకోవడం. తర్వాత గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 పదాల చొప్పున రాయడం. మూడు గంటలు. టిఫిన్ టైముకి సాహిత్యం అయిపోయింది, ఇక ఆఫీసు పని.

నవల మొదలుపెట్టే ముందు డైరీలో వారాల వారీగా గళ్ళు గీసుకునేవాడు. రోజూ ఎన్ని పేజీలు రాశాడో ఆ గడిలో వేసేవాడు. పేజీ అంటే 250 పదాలు, లెక్క పెట్టి మరీ. వారానికి సగటున 40 పేజీలు. కొన్ని వారాలు 20, ఒక వారం ఏకంగా 112. గడి ఖాళీగా ఉంటే అది కంట్లో నలుసులా గుచ్చుకునేదట. జిరా బోర్డు చూసి అలవాటైన మనకి ఈ బాధ ఇంకొకరు విడమర్చి చెప్పక్కర్లేదు. 1858లో ఆఫీసు పని మీద ఈజిప్టు వెళ్ళాడు, అక్కడి ప్రభుత్వంతో టపా ఒప్పందం కోసం. అక్కడే 'డాక్టర్ థోర్న్' పూర్తి చేసి, మర్నాడే తర్వాతి నవల మొదటి పేజీ రాశాడు.

ఇక డబ్బు పెరగడం మొదలైంది. 'బార్చెస్టర్ టవర్స్'కి 100 పౌండ్లు. 'డాక్టర్ థోర్న్'కి 400. 1860 జనవరిలో 'కార్న్‌హిల్' అనే కొత్త పత్రిక మొదలైతే అందులో 'ఫ్రామ్లీ పార్సనేజ్' సీరియల్‌కి 1,000. మన దగ్గర వారపత్రికల సీరియల్స్ రోజుల్లో తర్వాతి సంచిక కోసం ఇంట్లో ఎలా ఎదురుచూసేవాళ్ళో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. అక్కడ కార్న్‌హిల్‌కి అలాంటి ఊపు. 1864లో మొదలైన 'కెన్ యూ ఫర్గివ్ హర్?'కి 3,525 పౌండ్లు. ఆత్మకథలో ఆయనే ఇచ్చిన పట్టికలో ఒక్క నవలకి వచ్చిన అతి పెద్ద మొత్తం ఇదే. అది కూడా ఉద్యోగంలో ఉండగానే వచ్చింది.

ఈ కాలంలో తన ఆదాయం సగటున ఏడాదికి 4,500 పౌండ్లు అని రాశాడు. అందులో మూడింట రెండు వంతులు ఖర్చు పెట్టేవాడు, ఒక వంతు దాచేవాడు. ఇది తిరగబడి ఉండాల్సింది, ఒక వంతు ఖర్చు పెట్టి రెండు వంతులు దాచాల్సింది అని కూడా ఒప్పుకున్నాడు. వేట గుర్రాలంటే పిచ్చి మరి. ఎర్లీ రిటైర్మెంట్ వీడియోల్లో సేవింగ్స్ రేట్ అని చెప్తారు కదా, ఈయనది 33 శాతం.

ప్లాన్ ఏంటంటే, ఇది చాలా ముఖ్యం: భార్యతో కూర్చుని మాట్లాడుకుని, కొన్నేళ్ళ ముందే ఒక గీత గీసుకున్నాడు. అరవై దాకా పనిచేస్తే వచ్చే పెన్షన్ ఎంతో, అంత ఆదాయం దాచుకున్న డబ్బు మీద వచ్చిన రోజున ఉద్యోగం మానేయాలి. జాగ్రత్తగా గమనించండి. "నవలల మీద ఇంత వస్తోంది కాబట్టి మానేస్తా" అనలేదు. నవలల ఆదాయం అప్పటికే జీతాన్ని ఎప్పుడో దాటిపోయింది. అయినా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఒక్క నవల అమ్ముడు పోకపోయినా కొంప మునగకూడదు, అదీ గీత.

ఈలోగా రెండు సంఘటనలు జరిగాయి. ఒకటి, 1864లో డిపార్ట్‌మెంట్‌లో పై పోస్టు ఒకటి ఖాళీ అయితే అప్లై చేశాడు. సర్వీసులో తనకంటే జూనియర్ అయిన స్కుడమోర్‌కి ఇచ్చారు. మనసు విరిగింది. అప్రైజల్ రోజు ఆ బాధ ఎలా ఉంటుందో ఈ వీడియో చూస్తున్నవాళ్ళకి తెలుసు. కానీ ఆ కోపంలో కాగితం విసిరేసి రాలేదు. గీత దాకా ఇంకా చేరలేదు. మూడేళ్ళు ఆగాడు.

రెండోది నాకు చాలా ఇష్టమైన సంగతి. తన పుస్తకాలు బాగున్నాయని కొంటున్నారా, పేరు చూసి కొంటున్నారా అని అనుమానం వచ్చింది. మన భాషలో చెప్పాలంటే ఏ/బీ టెస్ట్ చేశాడు. 1866లో 'నీనా బాలట్కా' అనే నవలని పేరు లేకుండా ఒక పత్రికలో వేయించాడు. తర్వాత ఇంకోటి కూడా అలాగే. ఒక విమర్శకుడు శైలి చూసి ఇది ట్రాలప్‌దే అని పసిగట్టాడు కానీ, పుస్తకాలు మాత్రం పెద్దగా అమ్ముడు పోలేదు. మూడోదానికి పబ్లిషర్ వద్దన్నాడు. నీనాకి వచ్చింది 450 పౌండ్లు. అదే రోజుల్లో పేరుతో వచ్చిన పెద్ద నవలకి 3,000. సైజులో తేడా ఉన్నా, సంగతి అర్థమైంది. పేరు అనేది కూడా ఒక డిపాజిట్టే. ఇరవై ఏళ్ళు నెల నెలా కడితే పెరిగింది. రిటైర్ అయిన మర్నాడు కొత్తగా అకౌంటు తెరిస్తే అందులో బ్యాలెన్స్ సున్నా.

1867 అక్టోబరు నెలాఖరుతో ఉద్యోగం వదిలేశాడు. సంతోషంగానా అంటే పూర్తిగా కాదు. పోస్టాఫీసు అంటే ప్రాణం ఆయనకి. పల్లె వాళ్ళకి ఉత్తరం ఇంటి దాకా రావాలని ఏళ్ళ తరబడి గుర్రం మీద తిరిగిన మనిషి. వదలడం బాధగానే ఉందని రాసుకున్నాడు.

ఇక అసలు ప్రశ్న. ఇప్పుడు ఫుల్ టైమ్ రచయిత. ఏం చేశాడు?

మొదట చేసిన పని, ఇంకో ఉద్యోగం ఒప్పుకోవడం! 'సెయింట్ పాల్స్' అనే కొత్త మాసపత్రికకి ఎడిటర్, ఏడాదికి 1,000 పౌండ్లు. పత్రిక అనుకున్నంత అమ్ముడు పోలేదు, 1870లో వదిలేశాడు. 1868లో పాత డిపార్ట్‌మెంటే పిలిచి, టపా ఒప్పందం కోసం అమెరికా పంపింది, వెళ్ళాడు. అదే ఏడాది పార్లమెంటుకి పోటీ చేశాడు. చిన్నప్పటి కల అది. బెవర్లీ అనే నియోజకవర్గం. ఓట్లు కొనుక్కోవడానికి పేరుపడ్డ ఊరు. ఏకంగా ఆ తర్వాత లంచాల వల్ల ఆ ఊరికి సీటే తీసేశారు. దాదాపు 400 పౌండ్లు ఖర్చయింది, నలుగురిలో నాలుగో స్థానం వచ్చింది. తర్వాత ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం పెట్టిన కొడుక్కి పెట్టుబడి పెట్టి వేల పౌండ్లు పోగొట్టుకున్నాడు.

రిటైర్మెంట్ అంటే ప్రశాంతంగా బల్ల, పెన్ను, కిటికీ బయట వర్షం అనుకుంటాం. చరిత్రలో జరిగింది ఇది. ఖాళీ టైము ఖాళీగా ఉండదు. పత్రికలు, ఎన్నికలు, పిల్లల వ్యాపారాలు వచ్చి కూర్చుంటాయి.

అయినా నవలలు ఆగలేదు. ఎందుకంటే పొద్దున మూడు గంటలు అప్పటికే వేరే ఎవరూ కూర్చోలేని చోటు. 1871లో ఆస్ట్రేలియా వెళ్తూ ఓడలో బల్ల పెట్టించుకున్నాడు. ఎనిమిది వారాల ప్రయాణం. వారానికి 66 పేజీల లెక్కన 'లేడీ అన్నా' అనే నవల మొత్తం ఓడ మీదే రాసేశాడు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 1855 నుంచి రాజీనామా దాకా, 13 ఏళ్ళలో, ఉద్యోగం చేస్తూ దాదాపు 17 నవలలు. అంటే ఏడాదికి 1.3. రాజీనామా తర్వాత 1882లో చనిపోయే దాకా, 15 ఏళ్ళలో, 27 దాకా. ఏడాదికి 1.8. పెరిగిన మాట నిజమే. కానీ తర్వాత వాటిలో చిన్న నవలలు చాలా ఉన్నాయి. మొత్తం ఆఫీసు టైమంతా చేతికొస్తే పని రెట్టింపు కూడా కాలేదు. కారణం సింపుల్. ఉద్యోగం ఆయన రాసే గంటల్ని ఎప్పుడూ తినలేదు. కాబట్టి ఉద్యోగం పోయినంత మాత్రాన ఆ గంటలు పెద్దగా పెరగలేదు.

మరైతే రాజీనామా వల్ల ఏం ఒరిగింది? ఇక్కడ పెన్షన్ గీత పని చేసింది. 1870ల రెండో సగానికి ఆయన రేటు పడిపోయింది. పాఠకుల అభిరుచి మారింది. 3,500 దాకా వెళ్ళిన మనిషికి 'ది అమెరికన్ సెనెటర్'కి 1,800 వచ్చాయి, ఆ తర్వాత కొన్నిటికి ఇంకా తక్కువ. పీక్‌లో ఉన్న ఆదాయం చూసి, అదే ఎప్పటికీ వస్తుందని మానేసి ఉంటే కష్టమయ్యేది. ఆయన మాత్రం దాచుకున్న దాని మీద నిలబడ్డాడు.

ఇంకోటి కూడా ఉంది. 1873లో 'ది వే వీ లివ్ నౌ' రాశాడు. మెల్మాట్ అనే ఫైనాన్షియర్ ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరికీ తెలీదు, లండన్ పెద్దమనుషులంతా అతని చుట్టూ తిరుగుతారు, కట్టని రైల్వే షేర్లు అమ్ముకుంటారు. మన హైదరాబాద్‌లో ప్రీ-లాంచ్ ఫ్లాట్లు కొని మోసపోయినవాళ్ళకి ఈ కథ చాలా దగ్గరగా ఉంటుంది. అప్పటి విమర్శకుల్లో చాలామందికి నచ్చలేదు, మరీ చేదుగా ఉందన్నారు. ఇప్పుడు చాలామంది ఆయన అత్యుత్తమ నవల అదే అంటారు. వచ్చే నెల ఖర్చుకి పబ్లిషర్ చెక్కు కోసం చూసే మనిషి అంత చేదుగా రాయడానికి జంకేవాడేమో అని నాకనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే. కానీ ఆ పెన్షన్ డబ్బుతో ఆయన కొనుక్కున్నది టైము కంటే ఎక్కువగా ఈ ధైర్యాన్నే అని నా నమ్మకం.

ఆయన పోయాక, 1883లో ఆత్మకథ వచ్చింది. గంటకి వెయ్యి పదాలు, పుస్తకాల మీద మొత్తం సంపాదన 68,939 పౌండ్ల 17 షిల్లింగుల 5 పెన్నీలు అని పట్టిక వేసి మరీ పెట్టాడు. చాలామంది ముఖం చిట్లించారు. కళాకారుడు అన్నవాడు గడియారం పెట్టుకుని రాస్తాడా, చెప్పులు కుట్టేవాడిలా అని. నిజానికి ఆ పోలిక ఆయనే పెట్టుకున్నాడు. చెప్పులు కుట్టేవాడు ఒక జత అవగానే ఇంకో జత మొదలుపెట్టడం ఎంత సహజమో, తనకి ఇదీ అంతే అని.

ఇందులో అందరికీ పనికిరాని సంగతులు కూడా చెప్పాలి. కాఫీ పట్టుకొచ్చి లేపే నౌకరు మనకి ఉండడు. రాసింది కాపీ చేసిపెట్టే మనిషి ఇంట్లో ఉండాలని కోరుకోవడం న్యాయమూ కాదు. చిన్నపిల్లలున్న ఒక అమ్మాయికి పొద్దున్న అయిదున్నర అంటే రాసే టైము కాదు, లంచ్ బాక్సుల టైము. నైట్ షిఫ్ట్ క్లయింట్ కాల్స్ చేసేవాళ్ళకి ఆ టైముకి అప్పుడే నిద్ర పడుతుంది. అందుకే గంట ఎప్పుడు అన్నది పాయింట్ కాదు. ఆయన తల్లి రాత్రిళ్ళు రాసింది, ఈయన రైల్లో రాశాడు. మన మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా దాదాపు గంట పడుతుంది.

మన తెలుగులోనూ ఈ దారిలో నడిచినవాళ్ళున్నారు. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివి, బ్యాంకు ఉద్యోగం చేస్తూ రాసి, పాఠకులు ఏర్పడ్డాక పూర్తిగా రచనలోకి వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ గారు మనందరికీ తెలిసిన ఉదాహరణ. అక్కడ కూడా వరస అదే. ముందు రాత, తర్వాత రాజీనామా.

నేనూ కొన్నేళ్ళు కోడ్ రాసిన వాణ్ణే కాబట్టి మన భాషలోనే చెప్తా. ప్రొడక్షన్‌లో ఒక్కసారీ రన్ చేయని కోడ్ మీద కంపెనీ మొత్తాన్ని పందెం కాయం కదా. రిటైర్ అయ్యాక నవల రాస్తా అనే ప్లాన్‌లో, డబ్బు లెక్క పదేళ్ళు టెస్ట్ చేస్తాం. రాయగలమా లేదా, రోజూ రాయడం మనకి ఇష్టమా కాదా అన్నది ఒక్కరోజు కూడా టెస్ట్ చేయం. 45 ఏళ్ళకి, సేవింగ్స్ అన్నీ పెట్టేశాక, మొదటిసారి బల్ల ముందు కూర్చుని, అయ్యో నాకు ఈ పని నచ్చడం లేదే అని తెలిస్తే? ఆ సంగతి 28కి తెలిస్తే ఖర్చు కొన్ని ఉదయాలు. అంతే.

కాబట్టి మీ ఎక్సెల్ షీట్ తీయకండి, ఉంచండి. ట్రాలప్ కూడా లెక్కలు వేసిన మనిషే, ఎమోషన్‌లో దూకలేదు. దాని పక్కన ఇంకో కాలమ్ పెట్టండి. తేదీ, ఎన్ని పదాలు. 250 పెట్టుకోండి, పావుగంట పని అన్నాడు ఆయన, మనకి గంట పట్టినా పర్లేదు. రోజుకి 250 అంటే ఏడాదికి 91 వేల పదాలు. అది ఒక నవల. రాజీనామా లెటర్ డ్రాఫ్ట్ దాని తర్వాత చూసుకోవచ్చు.

ఈ ఎపిసోడ్ ఇంతే అండీ. మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరైనా "రిటైర్ అయ్యాక రాస్తా" అంటుంటే వాళ్ళకి ఇది పంపండి. మళ్ళీ కలుద్దాం. ఉంటాను.